మీటింగ్‌లో ఉన్న రాక్షసుడు

ఆ రోజుల్లో నా మీద నాకున్న నమ్మకంలో పావు వంతు ఇప్పుడున్నా ఈపాటికి ఏదో ఒకటి సాధించి ఉండేదాన్ని. బి.ఎడ్. పట్టా చేతికొచ్చిన కొత్త. కాళ్లు నేల మీద ఆనేవి కావు. ఈ దేశంలో పిల్లలు సొంతంగా నాలుగు వాక్యాలు రాయలేకపోవడానికి కారణం నేనింకా ఏ బడిలోనూ చేరకపోవడమేనని మనస్ఫూర్తిగా నమ్మేదాన్ని. మా నాన్నకి మాత్రం అంత నమ్మకం లేదు. విజయవాడ వన్ టౌన్‌లో ఆయనకి ప్లాస్టిక్ సామాన్ల కొట్టు ఉండేది. ఉద్యోగం దొరికితే సరే, లేకపోతే వచ్చి కౌంటర్లో కూర్చోమనేవారు. బకెట్లకి పరీక్షలుండవు, దిద్దే పని అంతకన్నా ఉండదు అనేది ఆయన వాదన. ఆ బకెట్లంటే నాకు ఎంత భయమో మాటల్లో చెప్పలేను. ఎండాకాలం మధ్యాహ్నం ఆ కొట్లో వచ్చే ప్లాస్టిక్ వాసన ఇప్పటికీ నాకు పీడకలల్లో వస్తుంది.

చివరికి నన్ను గట్టెక్కించింది చల్లపల్లిలో నర్సుగా పనిచేసే మా పిన్ని. అక్కడి ఒక ప్రైవేటు బడి కరస్పాండెంటుగారికి వారం వారం బీపీ చూసేది ఆవిడే. ఒకరోజు ఆయన చేతికి పట్టీ బాగా బిగించి, గాలి కొడుతూ కొడుతూ నా సంగతి కదిపిందట. (ఆ స్థితిలో కాదనగలిగిన మగవాణ్ణి నేనింతవరకు చూడలేదు.) ఆయన ఒప్పుకున్నారు కానీ ఒక మెలిక పెట్టారు. పేరెంట్స్ మీటింగ్ దాకా చూస్తారు, పిల్లల తల్లిదండ్రులు బాగుందంటే ఉంచుతారు, లేకపోతే లేదు. నేను పిన్ని ఇంట్లో పెట్టె దించి, నాలుగో తరగతికి తెలుగు టీచరునయ్యాను.

కరస్పాండెంటుగారిని బళ్లో అందరూ పెద్దసారు అనేవాళ్లు. మనిషి ఆరడుగులు. ఆయన కంటే ముందు ఆయన మీసం గదిలోకి వచ్చేది. మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయన ఆఫీసు గదిలోకి వెళ్లడం, తలుపుకి ‘మీటింగ్‌లో ఉన్నారు’ అన్న చెక్క బోర్డు తగిలించడం రోజూ జరిగేదే. ఫీజుకి గడువు అడగడానికో, బస్సు సంగతి మాట్లాడటానికో వచ్చిన తల్లిదండ్రులు ఆ బోర్డుకేసి భక్తిగా చూస్తూ వరండాలో బెంచీ మీద కూర్చునేవారు. ఎవరితో అన్ని మీటింగులని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. కొత్తగా వచ్చిన నాకు అసలే లేదు.

నా దగ్గరున్న ఆయుధం ఒక్కటే, విజయవాడలో పుస్తకాల పండగలో మనసుపడి కొనుక్కున్న ఒక పెద్ద బొమ్మల పుస్తకం. అందులో ఒక్క అక్షరం ఉండదు. ఊరిని ఆనుకుని ఒక రాక్షసుడు పడుకుని ఉంటాడు. అతని మీసం వీధి పొడవునా పరుచుకుని ఉంటే జనం చెప్పులు చేత్తో పట్టుకుని, మునివేళ్ల మీద దాన్ని దాటుకుంటూ పోతుంటారు. ఈ బొమ్మ చూపించి పిల్లల చేత కథలు రాయిస్తానని హెడ్‌మిస్ట్రెస్‌గారికి చెబితే ఆవిడ పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగేసి, “ఇందులో ఇంపార్టెంట్లు ఏవమ్మా?” అన్నారు. మా పిన్నయితే అక్షరాలే లేని పుస్తకం పెట్టి రాయడం ఎలా నేర్పుతావే అని ముక్కున వేలేసుకుంది. నేను ఇద్దరినీ చూసి జాలిగా నవ్వాను. (ఆ నవ్వు ఫోటో ఎవరూ తీయకపోవడం నా అదృష్టం.)

మొదటిరోజు పుస్తకం రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, మీకు తోచింది రాయండి అన్నాను. అందరూ పెన్సిళ్లు పట్టుకుని బోర్డుకేసి చూశారు. కాసేపటికి ఒకడు లేచి, ఆన్సరు బోర్డు మీద ఎప్పుడు రాస్తారని అడిగాడు. ఆన్సరు ఉండదు నాయనా, నీ ఇష్టం అన్నాను. వాడు నాకేసి అనుమానంగా చూసి కూర్చున్నాడు. ఆ బళ్లో ఎప్పటినుంచో ఒక పద్ధతి ఉంది. టీచరు జవాబు ఇవ్వకపోతే ఫస్ట్ ర్యాంకు పిల్ల ఇస్తుంది, ఆ పిల్ల నుంచి అది బెంచీల వెంట వెనక్కి పాకుతుంది. పీరియడ్ అయ్యేసరికి క్లాసులో ఉన్నది ఒకే కథ. అనగనగా ఒక ఊళ్లో ఒక రాక్షసుడు ఉండెను, అతడు నిద్రపోవుచుండెను, ప్రజలు భయపడిరి. కింద గీత కొట్టి, ‘నీతి: సోమరితనం మంచిది కాదు.’ నీతి లేకుండా కథ ముగించకూడదని వాళ్లకి ఒకటో తరగతి నుంచీ నేర్పారు. దాన్ని మాత్రం తీయించడం నా తరం కాలేదు. ఎన్నిసార్లు చెప్పినా వద్దులే టీచర్, మార్కులు పోతాయి అని నన్నే ఓదార్చేవాళ్లు.

నాలుగు రోజులు అదే తంతు. పుస్తకంలో ఏ పేజీ తీసినా క్లాసులో అదే ‘ఉండెను’, అదే ‘భయపడిరి’. కళ్ల ముందు బకెట్లు ఒకదానిలో ఒకటి పేర్చినట్టు కనిపించసాగాయి. చివరికి ఒకరోజు విసుగొచ్చి పుస్తకం మూసేసి, టేబుల్ మీద కూర్చుని, ఊరికే మాటవరసకి అడిగాను. “మీ ఇంట్లో ఎవరు పడుకుంటే మీరంతా చప్పుడు చెయ్యకుండా తిరుగుతారర్రా?”

ఆ తర్వాత క్లాసును ఆపడం నా వల్ల కాలేదు. ప్రతి ఇంట్లోనూ ఒక రాక్షసుడు ఉన్నాడు. ఒకడి నాన్న రాత్రంతా చేపల చెరువు కాపలా కాసి వచ్చి పగలు పడుకుంటాడట. అప్పుడు వాళ్లింట్లో కుక్కర్ కూడా విజిల్ వెయ్యకూడదట. ఇంకో పిల్ల ఇంట్లో రాక్షసుడి వయసు మూడు నెలలు, ఉయ్యాల్లో ఉంటాడు, ఇంటిల్లిపాదీ వాడికి గడగడ వణుకుతారు. ఇప్పుడు చెప్పిందే రాయండర్రా అంటే తలలు వంచుకుని రాశారు. ఒక్కరూ పక్కవాళ్ల కాగితంలోకి చూడలేదు. ఆ కాగితాలు పిన్నింటికి తీసుకెళ్లి చదువుతూ నవ్వాను, తర్వాత ఎందుకో కళ్లనీళ్లు కూడా వచ్చాయి. అంత సంతోషం నాకు పెళ్లప్పుడు కూడా కలగలేదు. (మావారు ఇది చదవరు లెండి.)

పేరెంట్స్ మీటింగ్‌లో ఆ కథలు పిల్లల చేతే చదివిస్తామని హెడ్‌మిస్ట్రెస్‌గారిని ఒప్పించాను. అయితే ఆ బళ్లో ఏ సభ జరిగినా ప్రార్థన తర్వాత మొదట మైకు ముందుకొచ్చేది పెద్దసారి మనవరాలే. అది ఎవరూ రాయని రూలు. ఆ పిల్ల నా క్లాసే. జ్వరమొచ్చి కథ రాసినరోజు బడికి రాలేదు. తోటి పిల్లల్ని అడిగి తెలుసుకుని ఇంటి దగ్గర తనే రాసుకొచ్చింది. సభ రోజు పొద్దున కాగితం ఇవ్వమంటే వెనక దాచుకుని, సర్‌ప్రైజ్ టీచర్ అంది. నేను ముచ్చటపడి బుగ్గ గిల్లి వదిలేశాను.

షామియానా కింద జనం నిండుగా ఉన్నారు. ముందు వరసలో పెద్దసారు, వెనక వరసలో మా పిన్ని. ఆ పిల్ల స్టూలెక్కి, గొంతు సవరించుకుని చదివింది.

“మా ఊళ్లో ఒక రాక్షసుడు ఉన్నాడు. అతను మంచివాడు. అన్నం తిన్నాక రూములోకి వెళ్లి ‘మీటింగ్‌లో ఉన్నారు’ అని బోర్డు పెడతాడు. లోపల ఎవరూ ఉండరు. రాక్షసుడు ఒక్కడే పడుకుని మీటింగ్ చేస్తాడు. గురక బయటికి వినపడకుండా అటెండర్ తాత ఫ్యాను స్పీడు పెంచుతాడు.”

రాక్షసుడు అందే గానీ పేరు చెప్పలేదు కదా, ఇక్కడితో ఆగితే ఎలాగో బయటపడొచ్చని నేను దేవుడికి మొక్కుకున్నాను. కానీ ఆ పిల్ల ఆగదుగా. కథకి చివర ఏముండాలో దానికి బాగా తెలుసు. కాగితం మీద వేలు పెట్టుకుని, గొంతు పెంచి ముగించింది. “నీతి: తాతయ్య పడుకున్నప్పుడు లేపకూడదు.”

వరండా బెంచీ మీద మధ్యాహ్నాలు గడిపిన తల్లిదండ్రులందరూ ఒక్కసారిగా పెద్దసారి వైపు తిరిగారు. నాకు ప్లాస్టిక్ వాసన తగిలింది. పిన్ని అప్పటికే చేతిసంచీలో బీపీ మిషను వెతుకుతోంది. పెద్దసారు మెల్లిగా లేచి, మైకు అందుకుని, మీసం సవరించుకున్నారు. “కథ బాగుందండీ. ఒక్క సవరణ. నేను గురక పెట్టను.”

షామియానా కర్ర పక్కన నిలబడ్డ అటెండర్ తాత అదే క్షణంలో దగ్గాడు. మామూలు దగ్గే కావచ్చు. కానీ దాంతో ముందు ఒకరు, ఆనక అందరూ నవ్వడం మొదలుపెట్టారు. చివరికి పెద్దసారి మీసం కూడా అదిరింది. తర్వాత చేపల చెరువు రాక్షసుడు, ఉయ్యాల రాక్షసుడు వరసగా వచ్చారు. ఆ చెరువు నాన్న నిద్రమొహంతోనే వచ్చి కూర్చున్నాడు. కొడుకు చదువుతున్నంతసేపూ తలదించుకుని, అయ్యాక అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

సభయ్యాక పెద్దసారు నన్ను ఆఫీసు గదికి పిలిచి ఆ పుస్తకం తెమ్మన్నారు. రాక్షసుడి బొమ్మను చాలాసేపు చూశారు. మీసం మరీ ఇంత పొడుగ్గా వేశాడేమిటని గొణుక్కుని, పుస్తకం మూసి, “ఉండమ్మాయ్, నీకేం ఢోకా లేదు. కాకపోతే వచ్చేసారి మనుషుల్లేని బొమ్మ చూడు,” అన్నారు. మర్నాటి నుంచి ఆ బోర్డు మాత్రం మారింది. ‘మూడింటికి రండి’ అని రాయించారు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, ఇన్నేళ్ల తర్వాత విజయవాడలో ఒక బడికి నేనే హెడ్‌మిస్ట్రెస్‌ని. అంచులు నలిగిన ఆ పుస్తకం ఇంకా క్లాసులన్నీ తిరుగుతోంది. మధ్యాహ్నం పూట నాకూ కాస్త కళ్లు మూతలు పడతాయి, తలుపు మీద నాకూ ఒక బోర్డు ఉంది. పోయిన వారం రెండో తరగతి గోడ మీద ఒక కొత్త బొమ్మ అంటించారు. గదిలో కుర్చీలో ఒకావిడ నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఆవిడ జడ తలుపు కింద నుంచి బయటికొచ్చి వరండా అంతా పరుచుకుంది. పిల్లలు బూట్లు చేత్తో పట్టుకుని దాన్ని దాటుతున్నారు. కింద పెద్ద అక్షరాలతో ‘నీతి’ అని రాసి ఉంది.

ఆ నీతి ఏమిటో మీకు చెప్పను. కానీ మొన్న అద్దం ముందు నిలబడి, రబ్బరు బ్యాండు రెండు చుట్లకి కూడా ఆగని నా పిలకను చూసుకుంటూ, నాకు అంత జడ ఇచ్చి ఆ బొమ్మ వేసిన పిల్లది ఎంత పెద్ద మనసో అనుకున్నాను.