వారం తర్వాత తీసుకురమ్మన్నాను

నా భార్య దినాలు అయిపోయిన మర్నాడు పొద్దున నేను మళ్లీ దవాఖానకే వెళ్లాను. ఎందుకంటే చెప్పలేను. అంతకు ముందు నెలకు పైగా రోజూ వెళ్లాను కాబట్టి కాళ్లు అటే నడిచాయి. చాయ్ ఫ్లాస్కు కూడా కడిగి పట్టుకెళ్లాను. వార్డు గుమ్మం దగ్గర నిలబడి చూస్తే ఆమె మంచం మీద ఇంకెవరో పడుకుని ఉన్నారు. బయటికి వచ్చి వరండాలో సిమెంటు దిమ్మె మీద కూర్చున్నాను.

నేను ఏడవలేదని మా అమ్మాయికి భయంగా ఉండేది. తను కరీంనగర్‌లో ఉంటుంది. పొద్దునా సాయంత్రం ఫోన్ చేసేది.

“బాపూ, ఒక్కసారి ఏడువు బాపూ. లోపట పెట్టుకోకు.”

“లోపట ఏం లేదు బిడ్డా,” అనేవాణ్ణి.

నిజంగానే ఏమీ లేదు. పన్ను పీకేటప్పుడు మత్తుసూది వేస్తే పెదవి ఉందో లేదో తెలియదు కదా, మనిషినంతా అలాగే ఉన్నాను.

ఆ రోజు వార్డులోంచి నర్సు బయటికి వచ్చింది. నా భార్యను చివరిదాకా చూసుకున్నది ఆవిడే. ఆదివారాలు చర్చి నుంచి నేరుగా డ్యూటీకి వచ్చేది, ఆ తెల్ల చీర మీదే కోటు వేసుకునేది.

“అన్నా, నువ్వేంది ఈడ?”

“ఊకెనే వచ్చిన సిస్టరమ్మా.”

ఆమె నా వైపు కాసేపు చూసి, “నీకు మరాఠీ వస్తది కదా. జర లోపటికి రా. గా ముసలామె పొద్దటిసంది ఏందో చెప్తుంది, ఒక్కరికి అర్థమైతలేదు. సూది ఏయనిస్తలేదు,” అంది.

నాది ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ. ముప్పై ఏళ్లకు పైగా బస్సు కండక్టర్‌గా చేశాను. అందులో ఎక్కువ కాలం ఆదిలాబాద్ నుంచి మహారాష్ట్ర వైపు తిరిగే బస్సుల్లోనే. నా మరాఠీ పుస్తకాల మరాఠీ కాదు. గంపలతో ఎక్కేవాళ్లతో, సీటు కోసం కొట్లాడేవాళ్లతో మాట్లాడి నేర్చుకున్నది.

ముసలామె చెప్తున్నది మేక గురించి. నిన్నటి నుంచి మేక కట్టేసే ఉందట, నీళ్లు పెట్టేవాళ్లు లేరట. ఆమె చెప్పిన పొరుగింటాయనకు నా ఫోన్ నుంచే కలిపాను. మేకను విప్పానని ఆయన చెప్పాక ఆమె చెయ్యి చాపింది. నర్సు సూది వేసింది.

“రేపు గూడ రా అన్నా,” అంది నర్సు.

అలా మొదలైంది. పొద్దున తొమ్మిదింటికి వెళ్లి మధ్యాహ్నం దాకా ఉండేవాణ్ణి. సరిహద్దు అవతలి పల్లెల నుంచి వచ్చేవాళ్లకు డాక్టర్ మాట చెప్పడం, వాళ్ల మాట డాక్టర్‌కు చెప్పడం. కొన్నాళ్లకు దవాఖానవాళ్లు మెడలో వేసుకోవడానికి ‘సేవకుడు’ అని రాసిన కార్డు ఇచ్చారు. చూసినవాళ్లు పుణ్యం చేస్తున్నానన్నారు. నాకలా అనిపించలేదు. ఒకరి నోటి మాట తీసుకుని ఇంకొకరి చెవిలో వేసేవాణ్ణి, అంతే. ఆ మాట మంచిదా చెడ్డదా అని కూడా చూసేవాణ్ణి కాదు. డాక్టర్లకు నేను నచ్చడానికి కారణం అదే అనుకుంటాను. నేను కంగారుపడేవాణ్ణి కాదు.

పత్తి ఏరే రోజుల్లో ఒక రైతు తన భార్యను తీసుకొచ్చాడు. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద ఉంటాడు. తెల్ల టోపీ, మోకాళ్ల దాకా ధోవతి. ఆమె పొట్ట ఉబ్బిపోయి ఉంది, కళ్లు పచ్చబడ్డాయి. పిల్లలు లేరు. రోజూ పొద్దున అతనే ఆమెకు తల దువ్వేవాడు. పాపిట వంకరగా వచ్చేది. ఆమె చేత్తో తడిమి చూసుకుని ఏదో అనేది, అతను మళ్లీ విప్పి దువ్వేవాడు. నన్ను ‘భావూ’ అని పిలిచేవాడు, తమ్ముడూ అని. నేను ‘దాదా’ అనేవాణ్ణి, అన్నా అని. ఇద్దరం కలిసి చాయ్ తాగేవాళ్లం. నా ఇంట్లో ఎవరెవరున్నారని ఒకసారి అడిగాడు. కూతురు ఉందని చెప్పాను.

పదో రోజున డాక్టరమ్మ మా ఇద్దరినీ వరండాలోకి పిలిచింది. చిన్న వయసు పిల్ల. రాత్రంతా డ్యూటీ చేసినట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“అంకుల్, ఆయనకు చెప్పండి. లివర్ పూర్తిగా పాడైంది. ఇక మేము చేయగలిగింది ఏమీ లేదు. పెద్ద ఊరికి తీసుకెళ్లినా ఇంతే. ఇంటికి తీసుకెళ్లి ఆమెకు ఇష్టమైంది పెట్టమనండి, చూడాలనుకున్నవాళ్లను చూపించమనండి. నొప్పికి మందులు రాస్తాను. మహా అయితే పది రోజులు.”

నా భార్య గురించి ఇవే మాటలు నాతోనూ చెప్పారు. వేరే డాక్టర్, అదే వరండా. అంతా తెలుగులోనే చెప్పారు. నేను తలూపి, “మళ్ల ఎప్పుడు తోలుకరావాలె సార్?” అని అడిగాను. ఆయన నా వైపు చూసి వెళ్లిపోయాడు.

“కాయ్ మ్హణాలే, భావూ?” అన్నాడు రైతు. ఏమన్నారు అని.

నేను నోరు తెరిచాను. మరాఠీలో ఆ మాటలన్నీ నాకు వచ్చు. ఒక్కటి కూడా బయటికి రాలేదు. వచ్చినవి వేరే.

“ఇంటికి తీస్కపొమ్మంటున్నరు దాదా. మందులు రాస్తరట. వారం తర్వాత మళ్ల తీస్కరమ్మన్నరు.”

అతని ముఖం తేటపడింది. డాక్టరమ్మకు రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు.

అతను లోపలికి వెళ్లాక ఆమె, “ధైర్యంగా తట్టుకున్నారు కదా అంకుల్,” అంది.

“అవును మేడం,” అన్నాను.

అబద్ధం చెప్పానన్న బాధ గానీ, నిజం చెప్పలేదన్న భయం గానీ నాకు కలగలేదు. రైతు భార్య ఆ వారంలోనే ఇంట్లో పోతుంది, మళ్లీ తీసుకురావలసిన పని ఉండదు అనుకున్నాను. ఇంటికి వెళ్లి అన్నం తిని పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది.

సరిగ్గా వారానికి, పదకొండు గంటలప్పుడు, దవాఖాన గేటు లోపల ఒక జీపు ఆగింది. వెనక పరుపు మీద రైతు భార్య ఉంది. రెండు రోజులుగా మాట లేదట. గుంతల రోడ్డు మీద రెండు గంటల దారి తీసుకొచ్చాడు రైతు. డ్యూటీలో ఉన్న డాక్టర్ ఒకాయన జీపులోకి ఎక్కి చూసి దిగాడు. దారిలోనే పోయి ఉంటుందన్నాడు.

రైతు నన్ను చూసి దగ్గరికి వచ్చాడు.

“భావూ, నువ్వు చెప్పినట్టే తెచ్చిన. వారమే అయింది. ఒక్క రోజు గూడ ఆలస్యం చెయ్యలే.”

నర్సు పక్కనే ఉంది. “ఏమంటుండు అన్నా?” అని అడిగింది.

“నేను చెప్పినట్టే తెచ్చిండట.”

“నువ్వేం చెప్పినవ్?”

చెప్పాను. ఆమె కోప్పడలేదు. జీపులోకి ఎక్కి, పక్కకు తొలగిన చీరను పోయినామె కాళ్ల మీదికి సర్దింది. దిగాక మెల్లగా అంది, “ఆమె ఇంట్ల పోవాల్సిన మనిషి అన్నా. తొవ్వల పోయింది.”

డాక్టరమ్మకు కూడా నేనే చెప్పాను. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, “నేను ఆయన ముఖం చూసి అర్థమైందనుకున్నాను. నేనైనా ఇంకోసారి అడగాల్సింది,” అంది. నేను మెడలో కార్డు తీసి బల్ల మీద పెట్టి వచ్చేశాను.

పదిహేను రోజులు ఇంట్లోనే ఉన్నాను. అన్నం వండుకున్నాను, బట్టలు ఉతుక్కున్నాను. తర్వాత ఒక పొద్దున రైతు ఊరికి వెళ్లే బస్సెక్కాను. ఒకప్పుడు నేను చేసిన రూటే. బస్సు కండక్టర్ నన్ను గుర్తుపట్టి ముందు సీటు ఇచ్చాడు.

రైతు చేనులో పత్తి ఏరుతున్నాడు. నన్ను చూసి నడుముకున్న సంచి విప్పి గట్టు మీద పెట్టాడు, మంచినీళ్లిచ్చాడు. నీళ్లు తాగి చెప్పాను.

“దాదా, ఆ రోజు డాక్టర్ మళ్ల తీస్కరమ్మనలే. ఆమె ఇగ బతకదన్నది. ఇంట్లనే ఉంచుకొమ్మన్నది. నేను అబద్ధం చెప్పిన.”

అతను గట్టు మీద కూర్చున్నాడు. చేతికంటిన పత్తి దులుపుకుని అడిగాడు.

“ఎందుకు చెప్పలే?”

“నోరు రాలే.”

“తమ్ముని దగ్గరికి తీస్కపొమ్మని రెండు రోజులు అడిగింది,” అన్నాడు. “పక్క ఊరే. ఎడ్లబండి మీద పోయి రావచ్చు. జర బలం రానీ, దవాఖానకు పోయొచ్చినంక పోదాం అన్న నేను. ఆ తర్వాత మాట పడిపోయింది.”

క్షమించమని అడగడానికి వెళ్లాను, అది కూడా అడగలేదు. అతను తిట్టలేదు. పోనీలే అని కూడా అనలేదు. లేచి సంచి మళ్లీ నడుముకు కట్టుకున్నాడు.

“మూడింటికి బస్సు ఉంటది,” అన్నాడు.

నేను అతని పక్క సాలులో నిలబడి మూడింటి దాకా పత్తి ఏరాను. ఏరింది అతని సంచిలో వేసి రోడ్డెక్కాను.

ఆ తర్వాతి వారం నర్సు ఫోన్ చేసింది.

“మరాఠోళ్లు వచ్చిండ్రు. రా అన్నా.”

“నేను పనికిరాను సిస్టరమ్మా.”

“గది తర్వాత చూద్దాం. ఉన్నది ఉన్నట్టు చెప్తవా, చెప్పవా?”

“చెప్త,” అన్నాను.

ఈసారి మంచం మీద ఉన్నది భర్త. పక్కన భార్య, నలభై దాటని మనిషి. డాక్టరమ్మ అదే వరండాలోకి పిలిచింది, దాదాపు అవే మాటలు చెప్పింది. నేను వాటిని ఒక్కొక్కటిగా మరాఠీలోకి తెచ్చి ఆ ఇల్లాలి ముందు పెట్టాను. బతకడు అన్నాను. పది రోజులు అన్నాను. ఆమె నా చొక్కా రెండు చేతులా పట్టుకుని గుంజింది. గుండీ తెగింది. నేను కదలలేదు.

“ఏం అర్థమైందో ఆమెను చెప్పమనండి అంకుల్,” అంది డాక్టరమ్మ.

అడిగాను. ఆమె వెక్కుతూనే మొత్తం చెప్పింది, పది రోజులతో సహా. చెప్పాక చొక్కా వదిలేసి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

“అయితే ఇయ్యాలనే పోతం,” అంది. “బండి దొరుకుతదా?”

నేను గేటు దగ్గరికి వెళ్లి జీపు మాట్లాడాను. భర్తను ఎక్కించడానికి వార్డు మనుషులతో పాటు నేనూ ఒక పక్క పట్టుకున్నాను. పొద్దు ఉండగానే వాళ్లు ఊరు చేరతారని డ్రైవర్ చెప్పాడు. జీపు వెళ్లాక నర్సు లోపలి నుంచి పిలిచింది. ఇంకో మంచం దగ్గర ఎవరో ఏదో అడుగుతున్నారట. వెళ్లాను.