గేటు మీద ఎవరి ఫొటో

కమలాకుమారిది తెనాలి. భర్త వీరాంజనేయులు సుబేదారుగా రిటైరయ్యాక ఇద్దరూ దేశ రాజధానిలో, మయూర్ విహార్‌లోనే ఉండిపోయారు. మూడు నెలలకో ఆదివారం ఆవిడ తాముండే అపార్ట్‌మెంట్ల సొసైటీ గేటు దగ్గర పెసరట్ల పెనం పెడుతుంది. వచ్చినదంతా వినికిడి లేనివాళ్ళకి చెవి మిషన్లు కొనడానికే. ఒక అట్టు తిన్నవాడి చేత రెండింటికి డబ్బులిప్పించడంలో ఆవిడకి సిగ్గూ ఎగ్గూ లేవు. మంచి మనిషే. కాకపోతే చేసే మేలు నలుగురికీ కనబడాలి. కనబడకపోతే ఎవరిస్తారు, అంటుంది.

ఈసారి మిషన్ మైథిలికి. ఒంగోలు పిల్ల, ముఖర్జీ నగర్‌లో పీజీ హాస్టల్లో ఉండి సివిల్స్‌కి చదువుతోంది. పాత మిషన్ మూలపడింది, ఇంటర్వ్యూ నెలరోజుల్లో ఉంది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి ఎలాగో నెట్టుకొస్తోంది గానీ, బోర్డులో అయిదుగురు కూర్చుంటే ఎవరి పెదాలని చూస్తుంది పాపం!

మనవాళ్ళకి ఫ్లెక్సీ కట్టనిదే ఏ పనీ మొదలవదు కదా. మిషన్ కోసం ఆ పిల్ల పెట్టుకున్న దరఖాస్తుకి అంటించిన ఫొటోనే పెద్దది చేయించి, కింద ‘చెవిటి చెల్లెలికి చేయూత’ అని రాయించి గేటుకి కట్టించింది కమలాకుమారి. పిల్లని ఒక్క మాట అడగలేదు. అడగాలని తట్టనే లేదు.

ఆ ఆదివారం సాయం చేద్దామని మైథిలి మెట్రో దిగి వచ్చింది. గేటు ముందే ఆగిపోయింది. పీజీలో ఎవరికీ తెలియకుండా మూడేళ్ళుగా జుట్టు చెవుల మీదికి దువ్వుకుంటున్న పిల్ల! కమలాకుమారి అట్లకాడతోనే ఎదురెళ్ళింది.

“నాకు మిషన్ వద్దాంటీ. ఇది చూసి జాలిపడి ఇచ్చేది నాకేం వద్దు,” అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

కమలాకుమారికి ఏడుపొచ్చింది. అప్పటికప్పుడు ఫ్లెక్సీ పీకించి, ఆ రోజుకి పెనం దించేసింది. ముఖం చూపించకపోతే ఎవరూ ఇవ్వరని సొసైటీ కమిటీవాళ్ళు గొణిగారు. మరుసటి ఆదివారానికి ఆవిడ తన ఫొటోనే వేయించింది, కింద ‘అడుగుతున్నది నేను’ అని. సుబేదారు పెళ్ళానివి, అడుక్కునేదానిలా గేటెక్కావేమిటే అని వీరాంజనేయులు తల పట్టుకున్నాడు.

“అడిగేది నేనైతే ముఖం ఆ పిల్లదెందుకండీ?” అంది.

తప్పయిపోయిందమ్మా అని రాసి ఆ కొత్త ఫ్లెక్సీ ఫొటో మైథిలికి వాట్సాప్‌లో పంపింది. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం రాలేదు.

ఆదివారం వచ్చినవాళ్ళంతా ఎవరికి ఈ మిషన్ అని అడిగేవాళ్ళే. చెప్పనంది. కొందరు మూతి ముడుచుకుని పోయారు, కొందరు ఇచ్చారు. పిండి అడుగంటుతుండగా మైథిలి వచ్చి ఫ్లెక్సీ వంక చాలాసేపు చూసింది.

“ఫొటో ఏం బాలేదాంటీ. నన్నడిగితే మంచిది తీసేదాన్ని కదా,” అంది. తర్వాత, “మిషన్‌కి చెవి అచ్చు తీయించుకోడానికి ఎప్పుడెళ్దాం?” అని అడిగింది.

కమలాకుమారి పొయ్యి కట్టేసింది. చెంగుతో కళ్ళు తుడుచుకుని, నువ్వెప్పుడంటే అప్పుడే తల్లీ, అంది.