కొత్తవాడ నూలుతో కుట్టిన అర్జీలు

1963లో నన్ను వరంగల్‌లోని ఒక రికార్డు గదికి అసిస్టెంటుగా వేశారు. గుమాస్తాకు ఒక మెట్టు పైన, రికార్డు కీపరుకు రెండు మెట్లు కింద. నాకు అప్పగించిన మొదటి పని ఒక ట్రంకుపెట్టె.

హన్మకొండలో కిరాణా కొట్టు నడిపిన వెంకటయ్య గారు, ఆయన భార్య అనసూయమ్మ గారు ఏళ్ల తరబడి గల్లీల కోసం అర్జీలు పెట్టారు. నీళ్ల నల్లా లేదని, వీధిదీపం లేదని, మోరీ పొంగుతోందని ఆయన రాసేవారు. ఆమె ఇంటింటికీ తిరిగి వేలిముద్రలు వేయించేవారు. మున్సిపల్ దఫ్తరు ముద్ర పడిన నకలు ఒక్కటి కూడా పోగొట్టలేదు. ఎంత ఓపిక! ఆయన పోయాక ఆమె ఆ పెట్టె మాకిచ్చారు.

కాగితాలన్నీ కొత్తవాడ మగ్గాల మీద మిగిలిన రంగు నూలుతో కట్టలుగా కుట్టి ఉన్నాయి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, నేను దారాలన్నీ తెంపి పారేసి, రూలు ప్రకారం తేదీల వరుసలో పేర్చి తెల్ల టేపు కట్టాను. కీపరు గారు మెచ్చుకున్నారు కూడా.

నెల తిరక్కముందే కొత్తవాడ నుంచి జంపఖానాలు నేసే మల్లయ్య వచ్చాడు. రోడ్డు వెడల్పు చేస్తున్నారు. తమది పాత కాపురమని సోమవారం విచారణలో రుజువు చూపకపోతే వాళ్ల గల్లీ ఖాళీ చేయాలి.

"నల్లా అర్జీల నా ఏలిముద్ర ఉన్నది సారూ. జర దేవులాడుండ్రి, మా ఇండ్లు పోతయి" అన్నాడు.

నల్లా అర్జీలు పెట్టె నిండా ఉన్నాయి. అన్నింట్లోనూ "మా గల్లీ" అనే ఉంది, అప్పటికి ఆ గల్లీలకు పేర్లే లేవు. మల్లయ్యలు మాత్రం ప్రతి గల్లీలోనూ ఉన్నారు.

అనసూయమ్మ గారికి కబురు పంపాను. వచ్చి, "నూలేది బిడ్డా?" అన్నారు. పారేశానని చెప్పాను.

"అయ్యో! ఒక్కో గల్లీకి ఒక్కో రంగు పెట్టినం గదా. నన్నొక్క మాట అడగకపోతివి."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆమె ఒక కాగితం తీసి వెలుగుకు ఎత్తి పట్టారు. సూది గుచ్చిన రంధ్రంలో ఎర్రటి పీచు చిక్కుకుని ఉంది. "ఫికర్ జెయ్యకు. మల్లయ్యోల్లది పచ్చ" అన్నారు.

రెండు రోజులు ఇద్దరం కిటికీ దగ్గర కూర్చుని పచ్చ పీచు ఉన్నవి ఏరాం. విచారణలో మల్లయ్య చేత మళ్లీ వేలిముద్ర వేయించి, పాత అర్జీ మీది దానితో పోల్చారు. కలిసింది. గల్లీ నిలిచింది.

రిజిస్టరులో పెట్టె ఇచ్చినవారి గడిలో "వెంకటయ్య గారి భార్య" అని నేను రాసినది కొట్టేసి, "అనసూయమ్మ గారు" అని రాశాను. ఆ తర్వాత నా సర్వీసులో ఏ కట్టనూ కట్టినవాళ్లను అడగకుండా విప్పలేదు. వాళ్లు లేనప్పుడు, ముందుగా దారం రంగు రాసుకున్నాను.