గీజరు, ఆయన కుడికాలు

మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. “రోజూ పొద్దున వేడినీళ్ళ స్నానం చేయించి, ఒళ్ళు వదులైన వెంటనే వేళ్ళు సాగదీయండి. ఈ ఆర్నెల్లే ముఖ్యం” అని ఫిజియోథెరపీ డాక్టరుగారు చెప్పారు. ఇరవై ఏళ్ళు మా చర్చిలో హార్మోనియం వాయించిన వేళ్ళవి.

నేను బడికి ఎనిమిదింటి బస్సు అందుకోవాలి. పొయ్యి మీద కాచిన నీళ్ళు వంటింట్లోంచి మోసుకొచ్చి పోసేసరికి సగం చల్లారేవి. బాత్‌రూములో ఉన్న పాత గీజరే దిక్కయింది.

అది మొదటిసారి ఆగిపోయినప్పుడు బ్రాడీపేట నుంచి మెకానిక్కు వచ్చాడు. నడివయసు మనిషి, నిదానస్తుడు. లోపలి కాయిల్ ఊడదీసి చూపించాడు. సున్నం పూసిన ములక్కాడలా ఉంది.

“బోరు నీళ్ళండీ. కొత్తది వేసినా ఇలాగే సున్నం పడుతుంది” అన్నాడు.

వేశాడు. ఇరవై రోజులు పనిచేసింది. రెండోసారి బాగుచేసి వెళ్ళిన వారానికి, స్విచ్ వేస్తే చాలు ఇల్లంతా కరెంటు పోయేది. గోరువెచ్చని నీళ్ళతో ఆయన వేళ్ళు సగం విచ్చుకుని ఆగిపోయేవి.

మూడోసారి థర్మోస్టాట్ మార్చాడు. “కావాల్సినంత కాగాక అదే ఆపేస్తుందండి. మీరేం చూసుకోనక్కర్లేదు.”

మర్నాడు నీళ్ళు పొగలు కక్కుతూ వచ్చాయి. ఎన్నాళ్ళకో నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, బకెట్టు కింద పెట్టి కుళాయి తిప్పాను. ఇంతలో కుక్కరు కూత వేస్తుంటే స్టవ్ ఆపడానికి వెళ్ళాను. కూర అడుగంటుతోంది, దాన్ని కూడా దించాను. తిరిగి వచ్చేసరికి బకెట్టు నిండి, సలసల కాగే నీళ్ళు ఆయన కుడిపాదం మీదుగా పారుతున్నాయి. పాదం ఎర్రగా కందిపోయింది. ఆయన కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు.

“ఏవండీ! కాలుతుంటే చెప్పొద్దా?” అని అరిచాను.

ఆయన కిందికి చూసుకున్నారు. “నాకేం తెలీలేదే” అన్నారు, మాట ముద్దగా. జబ్బు చేసిన రోజున కూడా ఆయన మొహంలో అంత భయం చూడలేదు.

సాయంత్రానికి బొబ్బలు లేచాయి. షుగరున్న ఒళ్ళు. పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ వ్యాయామానికి ఆయన చెయ్యి ఇవ్వలేదు. బతిమాలాను, కోప్పడ్డాను. గోడవైపు తిరిగి పడుకునేవారు.

మెకానిక్కును పిలిచి నాలుగు తిట్టాలనుకున్నాను. అతను వచ్చి, కట్టు కట్టిన కాలు చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. “చెక్ చేసే వెళ్ళానండీ... తర్వాత ఆ థర్మోస్టాట్ అతుక్కుపోయినట్టుంది” అన్నాడు. వదిలేసి వెళ్ళింది నేను. ఏ నోటితో తిట్టను?

“తీసెయ్యవయ్యా దాన్ని” అన్నారు మా ఆయన మంచం మీంచి.

తీసేశాడు.

డాక్టరుగారు మళ్ళీ చూసేనాటికి వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుని గట్టిపడిపోయాయి. “ఇక కష్టమమ్మా” అన్నారు. చర్చిలో కీబోర్డు పెట్టుకున్నారు. ఆదివారాలు ఆయన రానంటే నేనూ బలవంతం చేయడం మానేశాను.

ఇప్పుడు పొయ్యి మీదే కాస్తున్నాను. మోచెయ్యి ముంచి చూసుకుని గాని పోయను. అయినా మొదటి చెంబు పడగానే రోజూ అడుగుతారు.

“కాలట్లేదుగా?”

కాలట్లేదని చెబుతాను.