సివిల్ వారికి మూడో నంబరు

1978 వేసవిలో నన్ను విజయవాడలో ఒక ప్రాజెక్టు ఆఫీసుకు ప్రోగ్రామరుగా వేశారు. కొండపల్లి దగ్గర కడుతున్న ఒక ఫ్యాక్టరీ లెక్కలన్నీ అక్కడి మినీ కంప్యూటరు మీద నడిచేవి. దానికి తెర లేదు. టైపు మిషను లాంటి టెలిటైపు మీద ఆజ్ఞలు కొడితే జవాబు కాగితం మీద అచ్చయ్యేది. ఒక్కో పనికి పది పన్నెండు ఆజ్ఞలు వరసగా కొట్టాలి. ఒక్క అక్షరం తప్పినా మళ్లీ మొదటికే. ఆపరేటరు మేరీ గారు విసిగిపోయి, ఏదో ఒక మీట నొక్కితే పనైపోయేలా చెయ్యమని అడిగారు.

చేశాను. ఏ పని ఆజ్ఞలను ఆ పని కింద చేర్చి, పైన ఒక మెనూ పెట్టాను. మిషను పనుల పేర్లు నంబర్లతో అచ్చువేస్తుంది. నంబరు కొడితే మిగతాదంతా అదే చూసుకుంటుంది. ఒకటి స్టోర్సు, రెండు జీతాలు, మూడు సివిల్ వారి ఇనుప చువ్వల కొలతలు. స్టోర్సు ప్రోగ్రాము ముందు తయారైంది కాబట్టి ముందు పెట్టాను, అంతే.

సివిల్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు పూర్ణచంద్రరావు గారు ఆ కాగితం చూసి కళ్లజోడు తీశారు.

"స్టోర్సు జోసెఫ్ గారు సర్వీసులో నాకంటే జూనియరండీ. ఆయన ఒకటీ, నేను మూడూనా?"

అవి వట్టి గుర్తులేనన్నాను. అయితే తననే ఒకటి చెయ్యమన్నారు. ఆ సంగతి తెలిసి జోసెఫ్ గారు, ఇచ్చిన నంబరు వెనక్కి తీసుకుంటే హోదా తగ్గించినట్టేనని సూపరింటెండింగ్ ఇంజనీరు గారికి అర్జీ పెట్టారు. విషయం తేలేదాకా వరస మార్చకూడదని ఉత్తర్వు వచ్చింది.

ఆ వారమే పెద్ద పునాదికి కాంక్రీటు. మొదలుపెడితే మధ్యలో ఆపడానికి వీల్లేదు. ఈలోపు చువ్వలు కోసి కట్టాలి. కొలతల కోసం సైటు నుంచి జీపు వచ్చి నిలబడింది. పూర్ణచంద్రరావు గారు మాత్రం మూడు కొట్టనివ్వలేదు. పాత పద్ధతిలో ఆజ్ఞలన్నీ కొట్టి ఇస్తామంటే, "మెనూలో పేరున్నవాణ్ణి, దొడ్డిదారిన రావాలా?" అన్నారు.

"మీరు కాస్త అటు తిరగండి సార్, నేను కొట్టేస్తాను" అన్నారు మేరీ గారు.

"అటు తిరిగినా మూడు మూడేనమ్మా!"

బయట జీపు డ్రైవరు హారను కొడుతున్నాడు. నేను సూపరింటెండింగ్ ఇంజనీరు గారికి ఫోను చేసి, ఎవరినీ వెనక్కి పంపకుండా అందరినీ ఒకటి చేస్తానన్నాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. మిషను ముందుగా ఏ శాఖ అని అడిగి, ఆ శాఖనే పైన ఒకటిగా అచ్చువేసేలా మార్చాను. పూర్ణచంద్రరావు గారు స్వయంగా కుర్చీ లాక్కుని కూర్చుని, చూపుడువేలితో ఒకటి నొక్కారు. కొలతలు వచ్చాయి. జీపు వెళ్లింది. కాంక్రీటు ఆగకుండా పడింది.

ఆ తర్వాత ఎవరు ఫోను చేసినా "ఒకటి నడిపించమ్మా" అనేవారు. మేరీ గారు "ఎవరి ఒకటండీ?" అని అడగాల్సి వచ్చేది. కొన్నాళ్లకు సూపరింటెండింగ్ ఇంజనీరు గారు, మెనూలో తన పేరేదని కబురు పెట్టారు. ఆయన నడపాల్సిన పనేదీ లేదు. అందుకని ఆయన పేరున ఒక అంశం చేర్చాను. అది నొక్కితే మెనూ మరోసారి అచ్చవుతుంది. ఆయన రోజూ వచ్చి నొక్కి, కాగితం చింపి తీసుకెళ్లేవారు.

తర్వాత పనిచేసిన ఏ ఆఫీసులోనూ నేను మెనూకు నంబర్లు పెట్టలేదు. పని పేరులోని మొదటి అక్షరాలే వాడాను. అవి అచ్చయ్యే వరస కూడా, ముందుగా సీనియారిటీ జాబితా తెప్పించుకున్నాకే వేశాను.