తెడ్డుకు రాసిన కొబ్బరినూనె

చలి మొదలైన వారంలో మా స్నానాలగది అరలో కొబ్బరినూనె గడ్డకడుతుంది. ఈ ఉదయం సీసాను వేడినీళ్ళ కుళాయి కింద పట్టుకుని నిలబడ్డాను. అంచుల దగ్గర ముందు తెల్లదనం పోయింది. తర్వాత లోపలి ముద్ద సీసా గోడను వదిలి మెల్లగా తిరిగింది. మూత తీయకముందే వాసన వచ్చింది. ఆరేళ్ళుగా ఈ వాసనకు నాకు తల దువ్వుకోవడం గుర్తుకు రాదు. ఒక గరాజ్, సిమెంటు నేలమీద ఒక తెడ్డు, దాని పక్కన మోకాళ్ళమీద కూర్చున్న వసుంధరగారు గుర్తుకు వస్తారు. ఆవిడ పోయి మూడేళ్ళు దాటింది.

వసుంధరగారు ఈ దేశానికి వచ్చాక ఆష్‌బర్న్‌లో నా మొదటి ఉద్యోగంలో పై అధికారి. ఎక్కడైనా సర్వర్ ఆగిపోతే ముందు ఫోన్ మోగేది మా జట్టుకే. కాకినాడ నుంచి వచ్చి అప్పటికి పాతికేళ్ళయినా ఆవిడ మాటలో ఆ ఊరు పోలేదు. చేరిన రోజున అలవాటు కొద్దీ "ఆంటీ" అన్నాను. ముఖం ఏమాత్రం మార్చకుండా, "ఇంటికొచ్చి ఆంటీ అను, పులిహోర పెడతాను. ఇక్కడ అన్నావంటే అప్రైజల్‌లో కనిపిస్తుంది" అన్నారు. పని చెడితే ఎవరు చెడగొట్టారని అడగడం నేనెప్పుడూ వినలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, "ఏం చేశాక ఆగింది?" అని మాత్రం అడిగేవారు. మిగతావాళ్ళు వెంటనే చెప్పేసేవారు. నేను మాత్రం స్క్రీన్ వైపే చూస్తూ కూర్చునేదాన్ని. అది రెండు వేల తొమ్మిది. చుట్టూ ఉద్యోగాలు పోతున్నాయి. నా వీసా ఆ కంపెనీ మీద ఆధారపడి ఉంది. చేసిన ప్రతి పొరపాటూ తిరుగు ప్రయాణం టికెట్‌లా కనిపించేది. అడిగితే సగం చెప్పేదాన్ని, అడగకపోతే అదీ లేదు.

సెలవు రోజుల్లో ఆవిడ కయాక్ అనే సన్నటి పడవ వేసుకుని నీళ్ళమీదకు వెళ్ళేవారు. నాకు ఈత కూడా సరిగా రాదని తెలిసి, లైఫ్ జాకెట్ తొడిగి మరీ వెంట తీసుకెళ్ళారు. రెండు చివరలా రెక్కలున్న ఆవిడ తెడ్డు కార్బన్‌ది, చేతిలో ఉన్నట్టే ఉండదు. మధ్యలో రెండు ముక్కలుగా విడిపోతుంది. ఒక గొట్టం ఇంకో గొట్టంలోకి దూరుతుంది, చిన్న స్ప్రింగ్ బటన్ రంధ్రంలోంచి బయటికి వచ్చి పట్టుకుంటుంది. రంధ్రాలు మూడు. ఏ రంధ్రంలో బిగిస్తే తెడ్డు రెక్కలు రెండూ ఆ కోణంలో నిలుస్తాయి. ఆవిడ ఎప్పుడూ ఒక రెక్క పక్కకు తిరిగి ఉండేలా బిగించేవారు. ఎదురుగాలికి అది మంచిది. కాకపోతే తెడ్డు వేసిన ప్రతిసారీ కుడి మణికట్టు తిప్పాలి.

సెప్టెంబరు మొదట్లో బే దాకా, అంటే సముద్రపు పాయ దాకా వెళ్ళి ఉప్పునీళ్ళలో, ఇసుకలో తిరిగి వచ్చాం. తెడ్డును మంచినీళ్ళతో కడిగి, తుడిచి, విడదీసి పెట్టమని ఆవిడ నాకు అప్పగించారు. కడిగాను. అతుకు కొంచెం బిరుసుగా అనిపించింది. మా ఇంట్లో తాళం తిరక్కపోయినా, తలుపు కిర్రుమన్నా, కుట్టుమిషన్ బిగుసుకున్నా అమ్మ చేతిలోకి వచ్చేది ఒక్కటే సీసా. ఆ సీసా నా సంచీలోనూ ఉంది. మూతెడు నూనె తీసి గొట్టానికి పూశాను. ఎలా జారుతుందో చూద్దామని రెండు ముక్కలూ కలిపాను. బ్రహ్మాండంగా జారింది. చేసిన మేలు ఆవిడే కనిపెట్టి మెచ్చుకుంటారనుకుని, కలిపినదాన్ని అలాగే గరాజ్ గోడకు ఆనించి వచ్చాను. కడిగినా పోని ఇసుక లోపల ఉందన్న ఆలోచన రాలేదు.

అక్టోబరులో ఆవిడకు క్యాన్సర్ అని తేలింది. మంగళవారం పొద్దున మీటింగ్‌లో, షిఫ్టులు మార్చినంత మామూలుగా చెప్పారు. వచ్చే సోమవారం నుంచి చికిత్స. అందరూ వెళ్ళాక నాతో, "ఈ వారం సాయంత్రాలు ఖాళీయేనా? మందులు మొదలైతే మళ్ళీ నీళ్ళమీదకు ఎప్పుడో ఏమో. వెళ్ళగలిగినన్నిసార్లు వెళ్దాం" అన్నారు. కుడి మణికట్టు అప్పటికే నొప్పి చేసింది. తిప్పవద్దని డాక్టరు చెప్పారు. అంటే తెడ్డు విడదీసి, రెక్కలు రెండూ సమంగా ఉండే రంధ్రంలో మళ్ళీ బిగించాలి.

ఆ సాయంత్రం గరాజ్‌లో తెడ్డు విడిపోలేదు. బటన్ నొక్కితే లోపలికి పోతోంది, గొట్టం మాత్రం కదలదు. ఆవిడ భర్త మూర్తిగారు ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని లాగాం.

"ముప్ఫై ఏళ్ళ కాపురం, మనమే ఇంత గట్టిగా అతుక్కోలేదు కదే!" అన్నారాయన రొప్పుతూ.

"ఎవరూ లాగి చూడలేదు కాబట్టి సరిపోయింది" అన్నారావిడ.

మూర్తిగారు ఇంటర్నెట్‌లో చదివారు. లోపలి గొట్టాన్ని చల్లబరిస్తే ముడుచుకుని ఊడి వస్తుందట. వేడి పెడితే కార్బన్ జిగురు పాడవుతుందేమోనని ఆయన భయం. ఫ్రీజర్‌లోంచి ఐస్ తెచ్చి తువ్వాలులో చుట్టి కట్టారు. మంగళవారం కట్టారు, బుధవారం కట్టారు, గురువారమూ కట్టారు. రోజూ సాయంత్రం లాగాం. రోజూ ఆవిడ నది వైపు వెళ్ళే దారిని కాసేపు చూసి ఇంట్లోకి వెళ్ళిపోయారు. కొత్త తెడ్డు కొందామని మూర్తిగారు అంటే, "ఇది చేతికి అలవాటు కావడానికి రెండేళ్ళు పట్టిందండీ" అన్నారు. బుధవారం పొద్దున మా స్నానాలగదిలో సీసా గడ్డకట్టి ఉండటం చూశాను. ఆ గొట్టంలో ఏం జరుగుతోందో నాకు అప్పుడే అర్థమైంది. అయినా ఆ సాయంత్రం వెళ్ళి, ఐస్ కట్టడానికి తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను.

శుక్రవారం ఆవిడే నేలమీద కూర్చుని తిప్పబోయారు. మణికట్టు కలుక్కుమంది. కళ్ళు మూసుకుని, "పోనీలే, రేపు ఇలాగే వెళ్తాను. పావుగంట తిరిగి వచ్చేస్తాను" అన్నారు. మూర్తిగారు ఐస్ కోసం లేచారు.

"ఐస్ వద్దు అంకుల్" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను, ఈసారి మా ఇంటి యాసలో. "ఐస్ వద్దు. నేను దాన్ల కొబ్బరినూనె రాసిన."

ఆవిడ కళ్ళు తెరిచారు. "ఎప్పుడు?"

"బే నుంచి వచ్చిన రోజు. మంచిగ జారుతదనుకున్న."

"ఎంత?"

"మూత నిండ."

"అంటే మూడు రోజులుగా నేను నూనెని ఫ్రిజ్‌లో పెడుతున్నానన్నమాట!" అన్నారు మూర్తిగారు. ఆయనొక్కరే నవ్వారు.

ఆవిడ తెడ్డును స్నానాల తొట్టిలోకి తీసుకెళ్ళమన్నారు. చెయ్యి పట్టేంత వేడినీళ్ళు అతుకుమీద ధారగా పోయించారు. మరిగే నీళ్ళు వద్దన్నారు. గిన్నెలు తోమే సబ్బు కలిపించారు. పావుగంటకు అతుకు అంచునుంచి బూడిదరంగు నూనె కారడం మొదలైంది. "లాగకు రజితా. జాడీ మూతలా తిప్పు. ఇటు కొంచెం, అటు కొంచెం." మూర్తిగారు ఆ చివర, నేను ఈ చివర. ఇసుక నలిగిన చప్పుడు వినిపించింది. గొట్టం వెంట్రుకవాసి కదిలింది, తర్వాత గోరంత, తర్వాత ఒక్కసారిగా రెండు ముక్కలూ మా చేతుల్లోకి వచ్చాయి. ఆవిడ రెండింటినీ కడిగి, పొడిబట్టతో లోపలిదాకా తుడిచి, "ఈ అతుకు పొడిగానే ఉండాలి. నూనె పెడితే ఇసుకను పట్టుకుంటుంది" అని చెప్పారు, ఆఫీసులో కొత్త పని నేర్పినట్టే.

శనివారం గాలి లేదు. ఆవిడ నదిమీద రెండు గంటలు తిరిగారు. నేను అద్దెకు తెచ్చిన కయాక్‌లో వెనకాలే వెళ్ళాను. రెండు రెక్కలూ సమంగా నీళ్ళలోకి దిగుతున్నాయి, మణికట్టు తిరగడం లేదు. ఒకచోట ఆగి, తెడ్డు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అవతలి ఒడ్డు చూస్తూ ఉండిపోయారు.

తిరుగు దారిలో కారు నేను నడిపాను. సంగతి బుధవారం పొద్దునే అర్థమైందని చెప్పేసి, "కోపం వచ్చిందా ఆంటీ?" అని అడిగాను.

"వచ్చింది. నూనెకి కాదు. అది ప్రేమతోనే రాశావు, ఆ మాత్రం తెలీదా?" కిటికీ అద్దం దించి అన్నారు. "సోమవారంలోపు నాకు ఉన్నవి ఆరు రోజులు. అందులో మూడు నువ్వు భయపడటానికి వాడేశావు. బుధవారమే చెప్పుంటే ఇంకో రెండుసార్లు వెళ్ళేదాన్ని కదా, అమ్మాయ్."

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ టిష్యూ డబ్బా నా వైపు జరిపి, "ఏడిస్తే ఏడువు గానీ రోడ్డు చూడు. ఆ ఎగ్జిట్ దాటితే ఇంకో పది మైళ్ళు" అన్నారు.

తర్వాత రెండు వేసవులు ఆవిడ నీళ్ళమీదకు వచ్చారు, కొన్నిసార్లు తలకు గుడ్డ కట్టుకుని. నాకు సరిగా తెడ్డు వేయడం వచ్చింది ఆ రెండు వేసవుల్లోనే. ఆ వారం సంగతి మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. రెండు వేల పన్నెండు వసంతంలో పోయారు. క్షమించారా అని నేను అడగలేదు. అడిగి ఉంటే పులిహోర పెట్టి మాట మార్చేవారు.

భయం పోయిందని చెప్పలేను. ఇప్పటికీ తప్పు చేస్తే ఎవరూ చూడలేదు కదా అని ముందు మనసు లెక్క వేస్తుంది. అయితే నేను ఊరుకున్నంతసేపూ ఖర్చయ్యేది నా కాలం కాదని ఇప్పుడు తెలుసు. మొన్న మా పార్కింగ్‌లో కారు వెనక్కి తీస్తూ పక్కింటాయన కారు తలుపు గీసేశాను. చుట్టూ ఎవరూ లేరు. కిరాణా సంచులు కారులోనే వదిలేసి వెళ్ళి వాళ్ళ గంట నొక్కాను. లోపలినుంచి అడుగుల చప్పుడు వచ్చేదాకా ఇంకా సమయం ఉంది, వెనక్కి వెళ్ళిపోవచ్చు అనిపించింది. నిలబడ్డాను.