ఇంకొక్క ముద్ద, సార్

బాన్సువాడలో ఫొటో స్టూడియో పెట్టుకున్నవాడి జీవితం సగం పాస్‌పోర్టు సైజు మొహాలతో, సగం శాలువాలతో గడిచిపోతుంది. మా ఊళ్లో ఎవరు ఏం చేసినా శాలువా కప్పుతారు. బదిలీ మీద వచ్చినవాడికి వచ్చినందుకు, పోయేవాడికి పోతున్నందుకు. ఏమీ చేయనివాడికైతే తప్పకుండా కప్పాల్సిందే, ఎందుకంటే ఆయన అడ్డుపడలేదు కదా. ఆ శాలువా భుజాల మీద పడే క్షణాన్ని పట్టుకోవడమే నా బతుకుతెరువు.

నాకు కోపం ఎక్కువ. మా ఆవిడ లెక్కలో అయితే అది ముక్కు మీద కూడా ఉండదు. "నీ కోపం నాలిక మీదుంటది. ముందుగాల మాటొస్తది, ఎనక నుంచి తెలివొస్తది" అంటుంది. ఇలాంటి మనిషి ఉద్యమకారుడు కావడానికి పెద్ద అర్హతలేం అక్కరలేదు. ఎవరో ఒకరు కదిలిస్తే చాలు. నన్ను ఓ వంట గంజెడు సాంబారు కదిలించింది.

ఆ మధ్యాహ్నం స్టూడియోలో కూర్చుని ఒక పెళ్లికూతురి చెంప మీది మొటిమను కంప్యూటర్లో చెరిపేస్తున్నాను. మా అమ్మాయి ఏడో తరగతి చదువుతున్న సర్కారు బడి నుంచి పెద్దసారు ఫోన్ చేశాడు. "తమ్మీ, పిల్లలకు జర వాంతులైతున్నయి. ఏం ఫికర్ చెయ్యకు. దవాఖానకు రా" అన్నాడు. ఫికర్ చేయవద్దని, దవాఖానకు రమ్మని ఒకే ఊపిరిలో చెప్పగల నేర్పు మా పెద్దసారుకే ఉంది.

దవాఖానలో మంచానికిద్దరు పిల్లలు. మా అమ్మాయీ, ఆమె దోస్తూ ఒకే మంచం మీద ఉన్నారు, ఒకరి తల అటు, ఒకరి తల ఇటు. ఇద్దరి చేతులకూ సెలైను సూదులు. మా అమ్మాయి పెదవులు పాలిపోయి ఉన్నాయి. చూడగానే మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాను. చాలా భయపడ్డాను. గండం గడిచిందని డాక్టరమ్మ చెప్పాక భయం తగ్గింది. దాని స్థానంలో వచ్చిన కోపం మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది.

"ఏం తిన్నవు బిడ్డా?"

"అన్నం, సాంబార్. సాంబార్ వాసనొచ్చింది డాడీ."

"వాసనొస్తే ఎందుకు తిన్నవు?"

"అందరు తింటుండ్రు."

ఇంతలో ఆ దోస్తు తల్లి వచ్చింది. వాళ్లది మా ఊరికి దగ్గరి తండా. నాట్లు వేస్తున్న మడిలోంచి అలాగే వచ్చినట్టుంది, కాళ్లకు బురద ఎండిపోయి ఉంది. ఆమె బిడ్డ తల నిమురుతూ వాళ్ల భాషలో ఏదో అంటుంటే, నేను ఆగలేక, "అక్కా, రేపటి నుంచి బడిల తినొద్దని చెప్పు నీ బిడ్డకు" అన్నాను.

ఆమె నా వైపు చూసి, "ఇంట్ల ఏమున్నదన్నా? తెల్లారకముందే మేం కూలికి పోతం. ఇది చాయ తాగి బడికొస్తది. గా బడిబువ్వనే దానికి బువ్వ" అంది.

 

పిల్లలు కోలుకుని మళ్లీ బడికి వెళ్లసాగారు. మా ఆవిడ మా అమ్మాయికి డబ్బా కట్టడం మొదలుపెట్టింది. డబ్బా ఖాళీగా తిరిగొచ్చేది, పిల్ల కూడా ఖాళీ కడుపుతోనే వచ్చేది. ఏమిటని అడిగితే, "నా దోస్తు బడిబువ్వ తినాలంటే భయపడుతుంది. దాని ముంగట నేనొక్కదాన్నే డబ్బా ఎట్ల తినాలె?" అంది. మా ఆవిడ పెద్ద డబ్బా కొంది. తినేవాళ్లు నలుగురయ్యారు. ఇంకా పెద్దది కొంది. అది చూసి ఇంకో వరసే వచ్చి కూర్చుందట. "ఇగ క్యాటరింగ్ పెడుదామా?" అంది మా ఆవిడ. పిల్లలందరికీ డబ్బా కట్టలేం. బడి గంజు బాగుపడితే తప్ప ఆ తండా పిల్లకూ, దాన్ని వదిలి తిననని మొండికేసిన నా పిల్లకూ కడుపు నిండదు. నా ఉద్యమ సిద్ధాంతం మొత్తం అంతే.

ఇక ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలైంది. చదువుల ఆఫీసులో, "మేం వండిపిస్తం గాని, సరుకులు మాయి గావు" అన్నారు. సరుకుల ఆఫీసులో, "బియ్యం మాయి, సాంబార్ మాది గాదు" అన్నారు. ఆరోగ్యం వాళ్లు, "వాంతులైనంక మా పని. కాకముందు మాది గాదు" అన్నారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. పరీక్షకు సాంబారు పట్టుకుపోవడానికి ఒక అధికారి రానే వచ్చాడు. కాకపోతే ఆయన వచ్చేసరికి గంజు తోమి ఎండలో బోర్లించి ఉంది. ఆ గంజు పుట్టిన తర్వాత అంత శుభ్రంగా ఎవరూ తోమి ఉండరు. ఆయన అందులో తన మొహం చూసుకుని, జుట్టు సవరించుకుని, "మంచిగనే ఉంది కదా" అని వెళ్లిపోయాడు.

నిజాంసాగర్ కాలువ పారే నేల మాది. ఎటు చూసినా వరి. ఇక్కడి బియ్యం లారీలెక్కి ఎక్కడెక్కడికో పోతుంది. మా పిల్లల గంజులోకి మాత్రం పురుగులు ముందుగా తిని, పరవాలేదని తేల్చిన బియ్యమే వస్తుంది. ఈ మాట నేను బస్టాండు దగ్గర చాయ హోటల్లో గట్టిగా అన్నందుకు ఊళ్లో నా పేరు 'సాంబార్ అన్న' అయింది. పంతుళ్లు నా దగ్గర ఫొటోలు దిగడం మానేశారు. ఒక పార్టీ ఆయన వచ్చి, "అన్నా, వచ్చే ఎలక్షన్ల వార్డుకు నిలబడు, సాంబార్ మంచి ఇష్యూ" అని ఆశీర్వదించి, అరువు మీద ఫ్లెక్సీ కొట్టించుకుని పోయాడు.

నా అరుపులు ఎవరి చెవిన పడ్డాయో, జిల్లా నుంచి పెద్ద అధికారి బడికి వస్తున్నాడని కబురు వచ్చింది. పిల్లలతో కలిసి నేల మీద కూర్చుని సహపంక్తి భోజనం చేస్తాడట. పెద్దసారు స్వయంగా నా స్టూడియోకు వచ్చి, "తమ్మీ, ఫొటోలు నువ్వే తియ్యాలె" అన్నాడు. ఆయన తెలివి నాకు అర్థమైంది. కెమెరా చేతిలో పెడితే మనిషి దాని వెనక ఉంటాడు, ముందుకొచ్చి మాట్లాడడు. సరేనన్నాను.

సహపంక్తి భోజనాల ఫొటోలు నేను చాలా తీశాను. దానికో పద్ధతుంది. అధికారి బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు. ఇరుపక్కలా తల దువ్విన పిల్లల్ని కూర్చోబెడతారు. ఆయన ముద్ద కలిపి నోటి దాకా ఎత్తుతాడు. ఫొటో తీయగానే ముద్ద పళ్లెంలోకి దిగుతుంది, ఆయన చేయి కడుక్కుంటాడు. మర్నాడు పేపర్లో పిల్లలతో కలిసి భోంచేసినట్టు వస్తుంది. ఎత్తిన ముద్ద నోట్లోకి పోయిందా అని అడిగిన పాఠకుడు ఇంతవరకు లేడు.

ఆ రోజు బడి పెళ్లివారి ఇల్లులా ఉంది. ముగ్గులు, మామిడి తోరణాలు. పెద్దసారు గదిలో గుడ్డ కప్పిన గిన్నెలు కనిపించాయి. మూత తీస్తే హోటల్ నుంచి తెచ్చిన పన్నీరు కూర, బగారన్నం ఘుమఘుమలాడుతున్నాయి. వరండాలో పిల్లల గంజు వేరేగా ఉంది. అధికారి వచ్చి కూర్చున్నాడు. పన్నీరు గిన్నె ఆయన పళ్లెం వైపు బయలుదేరింది.

మా ఊళ్లో పెళ్లికొడుకైనా, ఎమ్మెల్యే అయినా కెమెరా పట్టుకున్నవాడి మాట వినాల్సిందే. "జరుగు" అంటే జరుగుతారు, "నవ్వు" అంటే నవ్వుతారు. ఆ ధైర్యంతోనే ముందుకెళ్లి, "సార్, పళ్లెంల పన్నీరు కనవడ్డదంటే పేపరోళ్లు ఆడుకుంటరు. ఫొటో కోసమన్న పిల్లల గంజులది పెట్టిచ్చుకోండ్రి" అన్నాను.

పక్కన విలేకరులు నిజంగానే ఉన్నారు. అధికారికి నా సలహా నచ్చింది. "కరెక్ట్, కరెక్ట్" అన్నాడు. పెద్దసారు మొహం మాడిపోయింది. పళ్లెంలో పిల్లల అన్నం, పిల్లల సాంబారు పడ్డాయి. ఆయన ముద్ద ఎత్తాడు. నేను బటన్ నొక్కలేదు.

"సార్, నోట్ల పెట్టుకుంటున్నట్టుండాలె. ఉత్తగ ఎత్తితే యాక్టింగ్ లెక్క కనవడ్తది."

పెట్టుకున్నాడు. నొక్కాను.

"రెప్ప పడ్డది సార్. ఇంకొక్క ముద్ద."

ఇంకొకటి తిన్నాడు. ఆయన మొహంలో నవ్వు ఉంది గానీ, కళ్లు దాంతో ఏకీభవించడం లేదు.

"పిల్లగాడు పక్కకు చూసిండు సార్. ఇంకొక్కటి."

"అయిపోయిందా?"

"వెలుతురు సరిపోలే సార్. ఇదే లాస్టు. జర పెద్ద ముద్ద."

ఆ పెద్ద ముద్ద దగ్గర ఆయన దవడ ఆగిపోయింది. లోపల రాయి పలికిన చప్పుడు నా దాకా వినిపించింది. ఆయన వేలు పెట్టి రాయి తీశాడు. దాంతోపాటు ఒక తెల్లటి పురుగు కూడా వచ్చింది. నొక్కాను. ఆ ఫొటోలో ఎవరికీ రెప్ప పడలేదు.

"ఏందిది?" అన్నాడు అధికారి.

"ఇయ్యాల్నే ఇట్లయింది సార్. రోజు మస్తుంటది" అన్నాడు పెద్దసారు చేతులు నలుపుకుంటూ.

అధికారి పక్కనే కూర్చున్న తండా పిల్ల, మా అమ్మాయి దోస్తు, చాలా మర్యాదగా, "లేదు సార్, రోజు గింతే. ఇయ్యాల్నే జర నయముంది" అంది.

నా ఉద్యమంలో అంత బాగా మాట్లాడిన వక్త ఇంకొకరు లేరు. విలేకరులు పెన్నులు తీశారు. అధికారి నోరు పుక్కిలించి, పన్నీరు ముట్టకుండానే జీపెక్కాడు. ఆ సాయంత్రం మా ఇంట్లో పాయసం వండారు. నేను గెలిచాననే అనుకున్నాను.

సర్కారు గెలుపును ఎలా ఇస్తుందో అప్పుడు తెలిసింది. కొన్నాళ్లకు ఉత్తర్వు వచ్చింది. ఇకపై ప్రతిరోజూ ఒక తల్లో తండ్రో వంతుల వారీగా బడికి వచ్చి, పిల్లలకంటే ముందు రుచి చూడాలి. బాగుందంటేనే వడ్డించాలి. ఈ రుచి కమిటీకి ఛైర్మన్ ఎవరయ్యా అంటే, నేనే. సభ పెట్టి నాకు శాలువా కప్పారు. నాకు శాలువా కప్పిన ఫొటో తీసేందుకు ఎవరూ లేక, మా ఆవిడ ఫోన్లో తీసింది. అందులో నా తల లేదు. "తలకాయతోని పనేముంది? శాలువా మంచిగ వచ్చింది" అంది.

సరుకులిచ్చే దుకాణాన్ని కూడా మార్చారు. పాత దుకాణదారుడిని తీసేసి, కొత్తగా ఆయన బామ్మర్దిని పెట్టారు. అయినా కొంతకాలం బాగానే నడిచింది. రోజూ ఎవరో ఒకరు తింటారన్న భయానికి బియ్యం ఏరేవారు, పప్పు కడిగేవారు. మా అమ్మాయి డబ్బా మానేసింది. దోస్తులిద్దరూ పక్కపక్కనే కూర్చుని తింటున్నారని తెలిసి, నాకు చాలా గర్వంగా ఉండేది.

తర్వాత ఒక ముసురు రోజున నా వంతు వచ్చింది. ఆ రోజు కిచిడీ. బియ్యం, పప్పు, కూరగాయలు అన్నీ ఒకే గంజులో. వంట చేసే అక్క మూత తీయగానే పుల్లటి వాసన గుప్పుమంది. ఒక మెతుకు నోట్లో వేసుకుని ఉమ్మేశాను.

"నిన్న నానవోసిన పప్పన్నా. సరుకు రాక అదే ఏసిన. ఏం జేయాలె?" అంది ఆమె. ఆమె మొహంలో నాకంటే ఎక్కువ భయం ఉంది.

పెద్దసారు వచ్చి వాసన చూసి, రెండడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకున్నాడు. "నేనేమనను తమ్మీ. ఛైర్మన్‌వు నువ్వు. పెట్టుమంటే పెడ్తం, వద్దంటే ఆపుతం."

వద్దన్న రోజున పిల్లలకు ఏం పెట్టాలో ఉత్తర్వులో లేదు. ఆ సంగతి నాకు ఆ క్షణంలో తట్టింది. ఇన్నాళ్లూ తిట్టిన ఆఫీసులన్నీ తెలివిగా పక్కకు తప్పుకుని, ఆ గంజు ముందు నన్ను ఒక్కడినే నిలబెట్టాయి. వరండాలో పిల్లలు పళ్లేలు పట్టుకుని వరసలో ఉన్నారు. అందరూ నా నోటివైపే చూస్తున్నారు.

"వద్దు. పారబోయండ్రి" అన్నాను.

వరసలో ముందున్న తండా పిల్ల నా దగ్గరికి వచ్చింది. "అంకుల్, జర వాసననే గదా. పెట్టుమనుండ్రి. ఆకలైతుంది" అంది.

నాకు ఏడుపు వచ్చింది. దవాఖాన మంచం మీద ఆ పిల్లను నేను చూశాను గనుక పెట్టమనలేకపోయాను. "వద్దు బిడ్డా, మళ్ల వాంతులైతయి" అన్నాను. ఆమె వెనకే ఉన్న నా కూతురు నా వైపు చూడకుండా పళ్లెం అంచు గీకుతూ నిలబడింది. గోడ వెనక మోరీలో గంజు ఒంపుతుంటే పిల్లలంతా ఆ వైపే చూశారు. నేను వానలోనే బండి మీద పోయి, బేకరీలో ఉన్న బన్నులన్నీ తెచ్చాను. అందరికీ రాలేదు. చించి సగం సగం పంచాం.

తండా పిల్ల తన సగం బన్ను చేతిలో పట్టుకుని, తినకుండా నన్నే చూస్తూ, "రేపు గూడ మీరే వస్తరా అంకుల్?" అని అడిగింది.

"లేదు బిడ్డా, రేపు ఇంకొకళ్ల వంతు" అన్నాను.

"అయితే మంచిదే" అని ఆ పిల్ల బన్ను కొరికింది.